మూడేళ్ళ గీత

గీత ఎక్కడ గీయాలో చెప్పమని ఆరోగ్యమంత్రి అడిగినప్పుడు కుసుమ పట్టుమని పది క్షణాలు కూడా ఆలోచించలేదు.

"మూడేళ్ళ దగ్గర," అంది.

శాసనసభ కమిటీ గదిలో పొడవాటి బల్లకి అటూ ఇటూ కూర్చున్న పదకొండుమంది సభ్యులూ ఆ అంకె రాసుకున్నారు. కాగితాల మీద కలాలు కదిలిన చప్పుడు ఆమెకి వినిపించింది. పన్నెండేళ్ళ పరిశోధన తర్వాత తన మాట ఒకటి చట్టంలోకి వెళ్తోందనుకుంది. గర్వంగా అనిపించింది కూడా. ఆ గర్వాన్ని ఆమె తర్వాత ఎన్నడూ క్షమించుకోలేకపోయింది.

తామాడ కుసుమది ఉద్దానంలో మామిడిగండి అనే ఊరు. కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య చూడముచ్చటగా ఉంటుంది. ఆ ఊళ్ళో నలభై దాటేసరికి మనుషులకి కిడ్నీలు పాడైపోతాయి. కొందరు నీళ్ళన్నారు, కొందరు మట్టన్నారు, కొందరు ఎండలో చాకిరీ అన్నారు. ఏదీ గట్టిగా తేలలేదు. కుసుమకి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు, పదకొండేళ్ళప్పుడు తల్లి. పదేళ్ళు పెద్దదైన అక్క దాలమ్మ జీడిపిక్కలు ఒలిచి చెల్లెల్ని చదివించింది. జీడిసొన తగిలి తగిలి దాలమ్మ వేళ్ళ చివర్లు నల్లబడి వేలిముద్రలు చెరిగిపోయాయి. రేషను దుకాణంలో వేలు పెడితే యంత్రం ఆమెని గుర్తుపట్టేది కాదు. "నాను మనిసిని కాదంటందే మిషను," అని నవ్వేసేది.

ఆ చెల్లెలు పెద్దదై విశాఖలో ఒక పరిశోధనాలయంలో కనిపెట్టినదాని పేరు మొలక. చుక్క రక్తంలోంచి కణాలు తీసి, వాటిని తిరిగి తొలిదశకి మళ్ళించి, తపాలాబిళ్ళంత గాజుపలక మీద గసగసాల గింజంత కిడ్నీ ముక్కని పెంచుతారు. అది అచ్చంగా ఆ మనిషి కిడ్నీయే. కాకపోతే దానికి కాలం వేగంగా నడుస్తుంది. మనకి ఒక రోజు గడిస్తే దానికి ఏడాది. లేతగులాబీ రంగులో ఉన్న మొలక ఎప్పుడు బూడిదరంగుకి తిరుగుతుందో చూస్తే, ఆ మనిషి కిడ్నీకి మిగిలిన గడువు తెలిసిపోతుంది.

గడువు చెప్పాలని మాత్రం కుసుమ దాన్ని కనిపెట్టలేదు. ఒకే మనిషి రక్తంతో పది మొలకలు వేసి, ఒక్కోదాని మీద ఒక్కో మందు చుక్క వేస్తే, ఎవరికి ఏ మందు పనిచేస్తుందో కొద్దిరోజుల్లో తేలిపోతుంది. ఇరవై ఏళ్ళ వయసులో పట్టుకుంటే నలభైలో చావక్కర్లేదు. ఆమె ఆశ అది.

సరిగ్గా అప్పుడే ఆరోగ్య బీమా సంస్కరణ బిల్లు వచ్చింది. పాత పథకం అందరికీ అన్నీ ఇస్తానంది, ఇవ్వలేకపోయింది. ఆస్పత్రులకి డబ్బు అందక డయాలసిస్ యంత్రాలు వారంలో నాలుగు రోజులు గుడ్డలు కప్పుకుని పడుండేవి. కొత్త బిల్లు ప్రకారం అందరికీ మొలక పరీక్ష చేస్తారు. తగిన మందుతో మొలక గీత దాటి నిలిచినవాళ్ళకి మందులు, డయాలసిస్, అవసరమైతే కిడ్నీ మార్పిడి కూడా ఉచితం. నిలవనివాళ్ళకి ఇంటి దగ్గర నొప్పి తగ్గించే మందులు ఇస్తారు. అంతే.

సభలో రెండురోజులు చర్చ జరిగింది. ప్రతిపక్ష సభ్యుడు రత్నాకరం లేచి, "పేదవాడి ప్రాణం మీద గాజుపలక తీర్పు చెబుతుందా అధ్యక్షా?" అని అరిచాడు.

ఆరోగ్యమంత్రి పద్మనాభరాజు గొంతు పెంచే మనిషి కాదు. "గీత కొత్తగా మేం గీస్తున్నది కాదు అధ్యక్షా. ఇప్పుడూ ఉంది, కనపడదంతే. పలుకుబడి ఉన్నవాడు ఇవతల, లేనివాడు అవతల. దాన్ని చెరిపి న్యాయంగా గీస్తున్నాం. వద్దంటే చెప్పండి, అందరికీ అన్నీ ఇద్దాం. పన్ను పెంచుతానని మీ మేనిఫెస్టోలో రాస్తారా?"

బిల్లు నెగ్గింది.

ఆ సాయంత్రం దాలమ్మ ఫోన్ చేసింది. "టీవీలో నీ పేరు సెప్పినాడే మంత్రి! డాట్రు తామాడ కుసుమ గారు అన్నాడు. గారు అన్నాడే అమ్మీ! మన వీధంతా మనింట్లోనే ఉన్నాది."

పక్కనించి ఝాన్సీ గొంతు వినిపించింది, "చిన్నమ్మా, అమ్మ అందరికీ టీలు పోసేస్తంది!" ఝాన్సీ దాలమ్మ కూతురు, పలాసలో డిగ్రీ చదువుతోంది. తండ్రి లేడు. అతనూ ఆ జబ్బుతోనే పోయాడు.

పరిశోధనాలయంలో ఒక్క షరీఫ్ మాత్రం అభినందించలేదు. ఆయన లెక్కల మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. "మూడే ఎందుకన్నావమ్మా? రెండెందుకు కాకూడదు, నాలుగెందుకు కాకూడదు?" అని అడిగాడు.

"ఎక్కడో ఒకచోట గీయాలి కదా సర్."

"అవును. కానీ అది మన లెక్కల్లో లేదు. నువ్వన్నావు కాబట్టి వచ్చింది."

వేసవి చివర్లో మామిడిగండి బడిలో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. సొంతూరు కదాని కుసుమ తానే వెళ్ళింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. దాలమ్మతోపాటు జీడిపిక్కలు ఒలిచే గున్నమ్మ, "నువ్వు మా గుంటవే, మా ఊరి పిల్లవే. నువ్వు తీస్తే సూది నొప్పి తెల్దు," అంటూ చెయ్యి చాపింది. ఆ వెనకాలే వరసలో దాలమ్మ నిలబడి ఉంది. కుసుమ చూపు అక్క పాదాల మీద ఆగిపోయింది. బాగా ఉబ్బిపోయి ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచప్పా?" అంది కుసుమ. ఆ వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

"మొన్న సంకురాత్రి ముందు నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"సెప్తే పని మానీసి వొచ్చీస్తావు. అక్కడ అంత పెద్ద పని సేస్తన్నావు," అంది దాలమ్మ చెయ్యి చాపుతూ. "తియ్యి, తియ్యి. ఎనకాల జనం ఉన్నారు."

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి అక్క రక్తంతో కుసుమ పది మొలకలు వేసింది. చట్టం ప్రకారం పలకల మీద పేర్లుండవు, అంకెలే. ఆ అంకె మాత్రం ఆమెకి కంఠతా వచ్చేసింది. మొదటిరోజంతా పదీ లేతగులాబీ రంగులోనే ఉన్నాయి. రెండోరోజు మధ్యాహ్నానికి ఆరు తిరిగిపోయాయి, చీకటిపడేలోగా ఇంకో రెండు. మూడోరోజు పొద్దున వచ్చి చూస్తే రెండు మిగిలాయి. తొమ్మిది దాటింది. రెండేళ్ళు గడిచినట్టు. ఇంకొక్క రోజు, ఇంకొక్క పగలూ రాత్రీ నిలిస్తే చాలు. కుసుమ భూతద్దం మీద నుంచి కళ్ళు తియ్యలేదు. పదిన్నరకి ఒకటి తిరిగింది. ఆఖరి దాని అంచు పదకొండింటికి మసకబారింది. చూస్తుండగానే ఆ మసక మధ్యకి పాకింది.

రెండేళ్ళ ఒక నెల. అదీ మందూ డయాలసిసూ అందితేనే, అవి లేకపోతే వారాలే.

షరీఫ్ ఆమె వెనకాల నిలబడి ఉన్నాడు. ఆ అంకె ఎవరిదో ఆయన అడగలేదు. ఆమె మొహం చూస్తే చాలు. "నేను టీకి వెళ్తున్నా. అరగంట పడుతుంది. తలుపు దగ్గరగా వేసి వెళ్తా," అన్నాడు.

గదిలో కుసుమ ఒక్కతే మిగిలింది. తెర మీద ఫలితం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. రెండు బదులు మూడు కొడితే అక్కకి డయాలసిస్ వస్తుంది, మందులొస్తాయి. పలక కడిగేస్తే అడిగేవాడు లేడు. వేలు మూడు మీదకి వెళ్ళింది. కానీ అదే తెర మీద పక్కన పోయిన వారం జాబితా తెరిచి ఉంది. గీతకి అవతల పడ్డవాళ్ళు రెండొందల పద్నాలుగు మంది. కింద ఆమె సంతకం. అన్నీ అంకెలే కనక కాఫీ తాగుతూ పెట్టిన సంతకం. ఆ రెండొందల పద్నాలుగు మందికీ ఇలా తలుపు దగ్గరగా వేసిన గదిలో చెల్లెలు లేదు.

షరీఫ్ తిరిగొచ్చి తెర చూశాడు. గడిలో రెండేళ్ళ ఒక నెల అనే ఉంది. చేతిలో టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, "ఎందుకమ్మా," అన్నాడు చాలా నెమ్మదిగా.

న్యాయం చేశానని కుసుమకి అనిపించలేదు. అక్కని తన చేత్తోనే తోసేసినట్టుంది.

ఆదివారం ఊరెళ్ళి చెప్పింది. దాలమ్మ అరుగు మీద కూర్చుని అంతా వింది. తర్వాత అడిగింది.

"అంటే ఏటే? నాను ఫెయిలైపోనానా?"

"అలా అనకప్పా."

"నువ్వెప్పుడూ ఫెయిలవనేదు. నిన్ను సదివించినదాన్ని నాను ఫెయిలైపోనాను." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "మన వీధిలో ఇంకెవులు?"

చట్టం ప్రకారం చెప్పకూడదు. కానీ అప్పటికే ఆరోగ్య కార్యకర్తలు గడపగడపకీ చీటీలు పంచుతున్నారు. పచ్చ చీటీ వస్తే ఆస్పత్రి, తెల్ల చీటీ వస్తే నొప్పి మందులు. ఆ వీధిలో తొమ్మిదిమందికి తెల్ల చీటీలొచ్చాయి. అందులో గున్నమ్మ ఒకతె.

"బీమా లేకపోతే లేదు. నేను చేయిస్తాను. శ్రీకాకుళంలో ప్రైవేటు ఆస్పత్రిలో మాట్లాడేశాను. వారానికి మూడుసార్లు కారొస్తుంది. ఝాన్సీ తోడుంటుంది," అంది కుసుమ. దాలమ్మ తలూపింది. బతకాలని ఆమెకీ ఉంది. ఝాన్సీ పెళ్ళి చూడాలని ఉంది.

ఆరు వారాలు కారొచ్చింది. దాలమ్మ పాదాల వాపు తగ్గింది, అన్నం సయించింది. ఫోన్లో గొంతు కూడా తేటపడింది. మొలకకి తెలియనిది ఏదైనా ఉంటుందేమోనని కుసుమ మొదటిసారి తన పరీక్ష తప్పు కావాలని కోరుకుంది.

ఏడోవారం ఝాన్సీ ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ కారెక్కనంటంది. డ్రైవరు తిరిగెల్లిపోనాడు. నువ్వొచ్చెయ్యి."

కుసుమ మధ్యాహ్నానికల్లా మామిడిగండిలో ఉంది. దాలమ్మ పెరట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది.

"ఏమైందప్పా? అక్కడెవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అన్నేదు."

"మరెందుకు వెళ్ళలేదు?"

"కారొచ్చినపుడు గున్నమ్మ గుమ్మంలో కూసుంటాదే," అంది దాలమ్మ. "ఒళ్ళంతా నీరొచ్చీసి లెగలేదు. నాను కారెక్కుతుంటే నన్ను సూసి నవ్వుతాది. జాగర్తే దాలీ అంటాది. తిట్టినా బాగున్ను. నా నెత్తిన మన్ను పోసినా బాగున్ను. ఆ నవ్వు నాను ఓర్సలేకపోతన్నాను."

"అప్పా, నువ్వు చచ్చిపోతావు."

"తెలుసు."

"ఝాన్సీని చూడు. దాని మొహం చూసైనా."

"సూస్తన్నాను. అది ఈదిలో తల దించుకుని నడుస్తంది. దాని నేస్తాలు మాటాడ్డం మానీసినారు. మీ సిన్నమ్మ గీత గీసింది, మీయమ్మకి కారెట్టింది అంటన్నారంట." దాలమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "నిన్ను తిట్టినారని కాదే. నువ్వు మంచికే సేసినావు. నాకు తెల్దా? కానీ తొమ్మిదిమందిమి ఒకే జీడి షెడ్డులో ఒకే పీటల మీద కూసున్నాం ముప్పయ్యేళ్ళు. నానొక్కద్దాన్నీ లేచెల్లిపోనేను."

కుసుమ ఏడ్చింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. తొమ్మిదిమందికీ తానే చేయిస్తానంది. దాలమ్మ ఆ మాటకి చెల్లెలి తల నిమిరింది. "పక్కీదిలో ఏడుగురున్నారు. ఆ పైన గొల్లీదిలో పన్నెండు. ఎక్కడ ఆపుతావే నువ్వు?"

ఆ ప్రశ్న మంత్రిగారు అడిగినప్పుడు చాలా తేలిగ్గా ఉంది.

దాలమ్మ మరి పదిహేడు రోజులు బతికింది. ఆ పదిహేడు రోజులూ కుసుమ ఊళ్ళోనే ఉంది. ఒంట్లో విషం పెరిగేకొద్దీ దాలమ్మకి దురదలు పుట్టేవి. కుసుమ తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేది. ఆఖరి రోజుల్లో దాలమ్మ మనుషుల్ని మరిచిపోయింది. కుసుమని చూసి, "గుంటకి ఫీజు కట్టాల, షెడ్డుకెల్లాల," అని లేవబోయేది. ఒక బుధవారం, తోటల్లో తడిమట్టి వాసన ఊరంతా కమ్ముకున్న పొద్దు పూట, అలా లేవబోతూనే కుసుమ చేతుల్లో ఒరిగిపోయింది. గున్నమ్మని మంచంతో సహా మోసుకొచ్చి శవం పక్కన పెట్టారు. ఆమె దాలమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆ నల్లటి వేళ్ళని ఒక్కొక్కటీ రుద్దుతూ కూర్చుంది. నాలుగురోజుల తర్వాత ఆమె కూడా పోయింది.

ఆ శీతాకాలం జిల్లాలో ధర్నాలు మొదలయ్యాయి. తెల్ల చీటీలు జెండా కర్రలకి గుచ్చుకుని జనం కలెక్టరు ఆఫీసు ముందు కూర్చున్నారు. సవరణ బిల్లు వచ్చింది. కమిటీ మళ్ళీ కుసుమని పిలిచింది. అదే గది, అదే బల్ల.

"మూడేళ్ళన్నది మీరే డాక్టరుగారూ," అన్నాడు పద్మనాభరాజు. ఆయన కళ్ళ కింద నల్లటి చారలున్నాయి.

"నేనే అన్నాను. మొలక అనలేదు, లెక్కలు అనలేదు. మీరు అంకె అడిగారు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి నేను ఒకటి చెప్పాను. మా అక్క ఆ అంకెతోనే పోయింది."

మంత్రి, "చాలా బాధగా ఉంది. నిజంగా చెబుతున్నాను," అన్నాడు. "కానీ గీత తీసేస్తే ఖర్చు మూడింతలవుతుంది. ఆ డబ్బు నేను బడి నుంచి తియ్యాలా, బియ్యం నుంచి తియ్యాలా? మీరే చెప్పండి."

"నాకు తెలియదు," అంది కుసుమ. ఆ మాట మొదటిసారే అనాల్సింది. "అది నన్ను అడక్కండి. రక్తం చుక్కని అడక్కండి. సభలో నిలబడి, అందరూ వినేలా, మీరే తేల్చుకోండి."

నాలుగురోజులు తేల్చుకున్నారు. పన్ను పెంచితే ఓడిపోతామని మంత్రి పక్షంవాళ్ళే ఎదురుతిరిగారు. గీత తియ్యాలన్న రత్నాకరం పన్ను మాట వచ్చేసరికి సభ నుంచి వెళ్ళిపోయాడు. చివరికి ఆరు ఓట్ల తేడాతో గీత పోయింది, కొత్త పన్ను వచ్చింది. ఇకమీదట మొలక పరీక్ష మందు ఎంచడానికే తప్ప గడువు చెప్పడానికి కాదని చట్టంలో రాశారు. కుసుమ పన్నెండేళ్ళ కిందట కోరుకున్నది అక్షరాలా అదే. షరీఫ్ ఆ కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ దానివైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత వారం మామిడిగండి బడిలో మళ్ళీ శిబిరం పెట్టారు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క మనిషి రాలేదు. చట్టం మారిందని మైకులో చెప్పించారు, ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఊళ్ళోవాళ్ళు తలుపులు తెరిచి, మంచినీళ్ళిచ్చి, విని, మళ్ళీ తలుపులు వేసుకున్నారు. రక్తం ఇచ్చినవాడికి చీటీ వస్తుందని ఊరు నేర్చుకుంది. ఇరవై ఏళ్ళవాళ్ళు, పాతికేళ్ళవాళ్ళు, మందు పనిచేసే వయసువాళ్ళు, సూదిని చూస్తే సందు మారిపోతున్నారు.

కుసుమ సంచీ తగిలించుకుని అక్క ఇంటికి నడిచింది. ఝాన్సీ వంటింట్లో చేపల కూర వండుతోంది. చదువు మానేసి జీడి షెడ్డులో చేరింది. ఎంత చెప్పినా వినలేదు. పీట వాల్చి, కంచం పెట్టి, చిన్నమ్మకి వడ్డించింది. వంగినప్పుడు దాని కళ్ళ కింద సన్నటి ఉబ్బు కనిపించింది. కుసుమకి ఆ ఉబ్బు తెలుసు. నిద్ర చాలకా రావచ్చు. ఇంకోటీ కావచ్చు. చుక్క రక్తం చాలు, మూడు రోజులు చాలు.

చెయ్యి సంచీ మీదకి వెళ్ళింది. ఝాన్సీ అది చూసింది. గరిటె గిన్నెలో పెట్టేసి చిన్నమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చిన్నమ్మా, నువ్వడిగితే నాను కాదన్నేను," అంది. "అమ్మ తర్వాత నాకు నువ్వే. అందుకే సెప్తన్నాను. అడక్కు."

చట్టం మారిందనీ, గడువు ఎవరికీ చెప్పననీ, మందు కోసమేననీ కుసుమకి చెప్పాలని ఉంది. నోరు తెరిచింది. కానీ ఆ మాటలన్నీ ఇంతకుముందు నమ్మకంగా, తడుముకోకుండా, పెద్దమనుషుల ముందు చెప్పినవాటిలాంటివే. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అడగనులే," అంది చివరికి.

ఝాన్సీ కళ్ళు తుడుచుకుని, ఇంకో చేపముక్క తెచ్చి చిన్నమ్మ కంచంలో వేసింది.